నల్లపొడి, ఏడు గంటల గేటు

గ్రాఫీన్ అంటవు, నానోట్యూబ్ అంటవు, అనుకుంట ముక్కు జర పైకి లేపుతవు. లేపు బిడ్డా, నీ వయసుల లేపకుంటె నా వయసుల లేపుతవా! గని ఒక్క మాట యాది పెట్టుకో. మీ నానో గీనో ఈ దిక్కు రాకముందే పటాన్‌చెరు గడ్డ మీద కార్బన్‌ను బస్తాలకు బస్తాలు తెచ్చి కుమ్మరించినోళ్లం మేము. అప్పుడు దానికి ఇంత మర్యాద లేకుండె. కార్బన్ డ్యూటీ పడ్డోడు క్యాంటీన్‌ల కూసుంటె పక్క కుర్చీ ఖాళీగనే ఉంటుండె.

మొదటికెల్లి చెప్త. తొందరేమున్నది, రేపు ఆదివారమే కదా. మంటలకు ఇంకో రెండు కట్టెలు తోసి ఇటు జరుగు, పొగ నీ దిక్కే వస్తున్నది.

నా చిన్నప్పుడు మన బొంబాయి రోడ్డుకు రెండు దిక్కుల జొన్నచేన్లు. రామచంద్రాపురంల బీహెచ్‌ఈఎల్ అప్పటికే ఉన్నది. 1972ల పటాన్‌చెరు కాడ ఇక్రిశాట్ పెట్టిండ్రు. జొన్నల మీద, సజ్జల మీద, కందుల మీద పరిశోధన జేసేటందుకు ఏయే దేశాలకెల్లో సైంటిస్టులు దిగిండ్రు. జొన్నచేను మనకు చూపెట్టెటందుకు గంత దూరం వచ్చిండ్రా అని మా నాయిన నవ్వుతుండె. ఆయనకు ఏదన్నా నవ్వే.

ఫ్యాక్టరీలు దండు కట్టింది దాని తర్వాత. ఎందుకో ఎరుకేనా? 1970ల పేటెంట్ల చట్టం మారింది. అంతకుముందు ఒక మందును ఎవరన్న కనిపెడితె ఆ మందు మీదనే వాళ్లకు హక్కు. కొత్త చట్టంల మందు మీద హక్కు లేదు, చేసే పద్ధతి మీదనే. అంటె ఇంకో పద్ధతిల చేసుకున్నోన్ని అడిగెటోడు లేడు. బాలానగర్‌ల సర్కారు మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌ల పని నేర్చిన కెమిస్టులు మన పక్కనే ఉండిరి. డాక్టర్ అంజిరెడ్డి గారు సుత అక్కడ పనిచేసినోరే, 1984ల తన పేరు మీద డాక్టర్ రెడ్డీస్ పెట్టిండ్రు. 1980ల ఇందిరాగాంధీ మెదక్‌కెల్లి ఎంపీ అయ్యింది. ఇగ మన జిల్లాకు దశ తిరిగిందని ఊర్లె ప్రతి అరుగు మీద అదే ముచ్చట. ఇద్దరు కెమిస్టులు పటాన్‌చెరు హోటల్ల కూసోని గంటసేపు చాయ్ తాగితె మూడో కంపెనీ పుడతదని మేము పరాచికాలాడుతుంటిమి.

గసుంటి ఒక కంపెనీల నాకు నౌకరి దొరికింది. పేరెందుకులే, ఇప్పుడది లేదు కూడ. బీఎస్సీ చదివినోళ్లకు ఐదు వందల లోపల జీతం. చాయ్ అర్ధరూపాయి. తులం బంగారం రెండు వేలకు అటూ ఇటూ. అంటె నాలుగైదు నెలలు బువ్వ తినకుండ, బస్సెక్కకుండ పనిచేస్తె ఒక తులం. ఏంది, ఫోన్‌ల లెక్క చేస్తున్నవా? ఇప్పటి ధరకు నీ స్కాలర్‌షిప్పుతోని కొట్టి చూడు, నవ్వు ఆగిపోతది.

ఇంటర్వ్యూల నన్ను అడిగిన మొదటి ప్రశ్న టైట్రేషన్ గురించి కాదు. పెండ్లెప్పుడు అని. రెండోది, పెండ్లయినంక పని చేస్తవా అని. మూడోది బ్యూరెట్ రీడింగ్ ఎక్కడికెల్లి చూడాలె అని. మెనిస్కస్ అడుగుకెల్లి సార్ అని చెప్పిన. మొదటి రెండిటికి ఏం చెప్పిన్నో ఇప్పటికీ యాదికి లేదు, ఎందుకంటె ఆయన జవాబు కోసం ఆగలేదు.

మా ల్యాబుల తెలివి గురించి చెప్తె నువ్వు నమ్మవు. ఆసిడ్‌ను సుత పిపెట్‌లకు నోటితోనే గుంజుడు. సాంపిళ్లు ఆరబెట్టే ఓవెన్‌ల పై అరకు మందుపొడి, కింది అరకు మా టిఫిన్ డబ్బాలు. పన్నెండున్నరకు డబ్బా తీస్తె పప్పు వేడివేడిగ ఉంటుండె, జరంత సాల్వెంట్ వాసన. ఇంట్ల మా అత్త, ఈ పప్పుల ఏమేసినవే అని అడుగుతుండె. ల్యాబు బయట గోడకు "తినరాదు, తాగరాదు" అని పెద్ద బోర్డు. ఆ బోర్డు కిందనే చాయ్ ఫ్లాస్కు.

ఇగ కార్బన్ ముచ్చట. మందు చేసేటప్పుడు రంగు పడ్తది. తెల్లగ రావాల్సిన సరుకు చాయ్ రంగుల వస్తె కొనేదెవరు? అప్పుడు ఆ రంగును గుంజుకునే నల్లపొడి, కార్బన్ కొట్టాలె. రియాక్టర్ మ్యాన్‌హోల్ మూత తీసి, బస్తా మూతి కోసి, మెల్లగ వంచాలె. ఎంత మెల్లగ వంచినా దుమ్ము లేస్తది. కండ్లకు కనపడదు గని పెదవి మీద నాలుక పెడితె కరకరమంటది. నెత్తికి పాలిథిన్ కవరు, మూతికి తువ్వాల. లోపలున్నది వేడిగ ఉన్నప్పుడు పోసిండో, ఒక్కసారి పొంగి మ్యాన్‌హోల్‌కెల్లి మనిషి మీదికే వస్తది. అందుకని సల్లారినంకనే పోయాలె, అటెన్క మళ్ల కాపాలె. గంటసేపు కలిపి, హైఫ్లో పొడి పరిచిన ఫిల్టర్‌ల వడగడితె కింద సైట్‌గ్లాస్‌ల చూడు, నీళ్లోలె తేట! నేను టెస్ట్‌ట్యూబుల పట్టి, వెనుక తెల్లకాగితం పెట్టి చూసి, "ఓకే" రాస్తుంటి. బొగ్గును పాలతోని కడిగినా తెల్లగ కాదంటరు పెద్దలు. వాళ్లు మా ప్లాంటుకు రాలేదు. అక్కడ బొగ్గే పాలను కడుగుతుండె.

డ్యూటీ దిగంగనే కార్బన్ కొట్టినోళ్లకు బెల్లం ముక్క ఇస్తుండ్రి. బెల్లం తింటె గొంతుల మసి కడుపులకు దిగిపోతదని నమ్మకం. కడుపుకు పోయే తొవ్వ వేరు, ఊపిరికి పోయే తొవ్వ వేరని మాకు ఎరుకే. అయినా మేము సుత అడిగి ఒక ముక్క తింటుంటిమి. ఉత్తగ వచ్చే బెల్లాన్ని సైన్స్ పేరు చెప్పి కాదంటమా?

కడిగిన నీళ్లన్ని ఏడికి పోయినయని అడుగుతవనుకున్న. అడగలే. నేనే చెప్త. నక్కవాగుకు పోయినయి, నక్కవాగుకెల్లి మంజీరకు పోయినయి. వాగు పొంట ఊర్లల్ల బాయిలు రంగు మారినయి. పటాన్‌చెరుల డాక్టర్ కిషన్‌రావు గారు ఊరోళ్లను వెంటేసుకొని ఏండ్లకేండ్లు కొట్లాడిండ్రు. 1990ల కేసు సుప్రీంకోర్టుకు పోయింది. తర్వాత అన్ని కంపెనీల నీళ్లకు కలిపి ఒక శుద్ధి కేంద్రం పెట్టిండ్రు. స్వీడన్ సైంటిస్టులు అక్కడికెల్లి బయటికొచ్చే నీళ్లు పట్టుకపోయి చూస్తె, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు తేలింది. 2007ల అచ్చేసిండ్రు, ప్రపంచమంత చదివింది. దాదాపు తొంభై మందుల ఫ్యాక్టరీల నీళ్లవి. ఇది ఒక రాత్రిల ఒడిసే కథ కాదు, ఇంకోసారి కూసుందాం. మనం కార్బన్ కాడ ఉన్నం.

నేను ఆ ప్లాంటుల రియాక్షన్ మొదలుపెట్టే పనికి పోలేదు. పోనియ్యలేదు. ఎందుకంటె ఫ్యాక్టరీల చట్టం, 1948ది, 66వ సెక్షన్. పొద్దుగాల ఆరింటికి ముందు, మాపటికి ఏడింటి తర్వాత ఫ్యాక్టరీల ఆడమనిషి ఉండొద్దని అప్పటి రూలు. మంచికే రాసిండ్రు, కాదనను. రాత్రిపూట మిల్లులల్ల ఆడోళ్లను అరిగదీసిన కాలం చూసి రాసిండ్రు. గని రియాక్షన్‌కు గడియారం తెల్వదు కదా. పొద్దుగాల ఎక్కించింది రాత్రి పదకొండింటికి దిగుతది. ఆరున్నరకే గేటు కాడ వాచ్‌మన్ తాత రిజిస్టర్ పట్టుకొని మా పేర్లు పిలుస్తుండె. "బిడ్డా, పోండ్రి, నా నౌకరి పోతది" అంటుండె. మేము చూసిన సాంపిల్ చివరికి ఏమైందో తెల్లారి రిజిస్టర్‌ల చదువుకునేటోళ్లం. ప్రొడక్షన్‌ల మేనేజర్ కావాలంటె నైట్ షిఫ్టులు చెయ్యాలె, నైట్ షిఫ్టుకు మేము పనికిరాము. మాతోని చేరిన పిలగాండ్లు ప్లాంటు మేనేజర్లయి రిటైరయిండ్రు, మేము సీనియర్ కెమిస్టులుగనే దిగిపోయినం. ఇండ్లల్ల మాత్రం, ఆడోళ్లకు పై పని చేతకాదు, బ్యూరెట్ కాడనే బాగుంటరు అనేటోళ్లు. తెలివి తక్కువైంది కాదు బిడ్డా, గంటలు తక్కువైనయి.

తిరిగి వచ్చే ఎర్రబస్సుల రుద్రారం గణేశ్‌గడ్డ కాడ అందరి చేతులు చెంపల మీదికి పోతుండె. నేనూ మొక్కుతుంటి. ఏం మొక్కుతుంటినంటె, సంగారెడ్డి చౌరస్తల దిగంగనే రిక్షా దొరకాలె, పిల్లగాడు ఏడ్వకుండ ఉండాలె. కెమిస్ట్రీ గురించి దేవున్ని ఏనాడూ అడగలేదు.

మాకు ఏడు గంటల గేటైతె అమెరికాల ఒకామెకు ఎనిమిది గంటల గేటు. మిల్‌డ్రెడ్ డ్రెసెల్‌హాస్ అని, 1930ల న్యూయార్క్‌ల పుట్టింది. ఆమెది ఫిజిక్స్, మన గుంపు కాదు, అయినా కార్బన్ మహారాణి అంటరు ఆమెను. 1960ల ఎంఐటీ వాళ్ల లింకన్ ల్యాబుల చేరింది. పొద్దుగాల ఎనిమిదింటికల్ల రావాలని అక్కడ రూలు. నలుగురు పిల్లలు, ఎంత ఉరికినా ఎనిమిదిన్నర అయితుండె. దాని మీద పైవాళ్లు సణుగుడే సణుగుడు. ఆమె చేసిన తెలివైన పనేందో చూడు. గ్రాఫైట్‌ను పట్టుకున్నది. అప్పట్ల దాన్ని ముట్టెటోళ్లే తక్కువ, ముట్టితె ఒడవని కష్టం. పిల్లగానికి జరమొచ్చి వారం ఇంటికాడ ఉన్నా, అంతల ఇంకొకడు ముందుపడడు. అందుకే ఎంచుకున్ననని ఆమె స్వయంగ చెప్పింది. ఊరంత ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటరు కదా, ఆ దారిల పోటీ తక్కువుంటదని ఆమెకు ముందే ఎరుక.

1967ల డ్రెసెల్‌హాస్, ఒక పెద్దింటామె పేరు మీద ఆడ ప్రొఫెసర్ల కోసమని పెట్టిన పైసలతోని ఎంఐటీకి విజిటింగ్ ప్రొఫెసర్‌గ పోయింది. ఏడాది తిరిగేవరకు వాళ్లు ఆమెను పర్మనెంట్ చేసుకున్నరు. 1985ల అక్కడ అన్నిటికన్న పెద్ద ప్రొఫెసర్ పదవి ఇచ్చిండ్రు, ఆడోళ్లల్ల ఆమెకే మొదలు.

ఆ 1985లనే టెక్సాస్‌ల క్రోటో, కర్ల్, స్మాలీ అని ముగ్గురు పెద్దలు, వాళ్ల కాడ చదివే పిలగాండ్లు కలిసి అరవై కార్బన్లతోని గుండ్రంగ మూసుకున్న అణువును పట్టిండ్రు. 1996ల ఆ ముగ్గురికి నోబెల్. 1991ల జపాన్‌ల ఇజిమా సారు నానోట్యూబులు చూపెట్టిండు. ఒక్క పరమాణువు మందం కార్బన్ పొరను చాప చుట్టినట్టు చుడితె అది నానోట్యూబు. చుట్టే వాటాన్ని బట్టి అదే కార్బన్ ఒకసారి లోహం గుణం చూపెడతది, ఒకసారి సెమీకండక్టర్ గుణం. ఈ సంగతి లెక్కగట్టి ముందే చెప్పినోళ్లల్ల డ్రెసెల్‌హాస్ ఒకరు. ఎనభై దాటినా పని వదలలేదు, 2014ల ఒబామా ఆమె మెడల మెడల్ వేసిండు, 2017ల పోయింది. ఇగ 2004ల మాంచెస్టర్‌ల గైమ్, నోవోసెలోవ్ ఏం జేసిండ్రు? గ్రాఫైట్ మీద సెల్లోటేపు అతికిచ్చి పీకి, మళ్ల అతికిచ్చి పీకి, ఒక్క పొర తీసిండ్రు. అది గ్రాఫీన్. 2010ల నోబెల్. మా స్టోర్‌ల సెల్లోటేపు చుట్టలు చుట్టలు ఉండె. లేబుళ్లు అతికిచ్చినం.

అమెరికా ముచ్చట్లు ఎందుకు, మన హైదరాబాద్‌లనే ఒకామె ఉండె. దర్శన్ రంగనాథన్. ఆర్గానిక్ కెమిస్ట్రీల పేరు మోసిన మనిషి. 1970ల పెండ్లయి కాన్పూర్ ఐఐటీకి పోయింది. మొగుడు అక్కడ ప్రొఫెసర్. ఒకే సంస్థల ఆలుమగలిద్దరు వద్దని రాయని రూలు. మొగుడు లోపల, పెండ్లాం గడప మీద! ఏండ్ల తరబడి ఫెలోషిప్పుల మీదనే నెట్టుకుంట పరిశోధన చేసింది. 1998ల తార్నాకల ఉన్న కెమిస్ట్రీ సంస్థ ఐఐసీటీకి వచ్చింది. అణువులు వాటంతట అవే చేరి సన్న గొట్టాలయ్యేటట్టు పెప్టైడ్లను కట్టేది ఆమె పని. కార్బన్ గొట్టాలు కావు గని వరుసకు సుట్టమే. 2001 జూన్ 4న, తన అరవయ్యో పుట్టినరోజు నాడే పోయింది. అదే ఐఐసీటీకి 2013ల లక్ష్మీకాంతం గారు డైరెక్టర్ అయ్యిండ్రు, ఆ కుర్చీల ఆడమనిషి కూసునుడు అదే మొదలు. గడప మీదికెల్లి కుర్చీ దాక రావాలంటె మరి పురసత్ పడ్తది.

ఆవలింత వస్తున్నదా? ఇగో, మన ఊరికే వచ్చిన.

నా చిన్నప్పుడు ఇసుంటి చలికాలంల మా అమ్మ కాటుక పడుతుండె. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లిచ్చి పెడితె తెల్లారేవరకు దాని కింద మెత్తటి మసి. పక్షి ఈకతోని దించి, నెయ్యిల రంగరిస్తె కాటుక. ఆ మసి ఉన్నది చూడు, అది సన్నసన్న కార్బన్ రేణువులు, మీ నానో లెక్కల్లకు వచ్చేదే. మన కంది ఐఐటీల చంద్రశేఖర్ శర్మ అనే ప్రొఫెసరు, ఆయన శిష్యుడు కలిసి కొవ్వొత్తి మసిని పట్టి లిథియం బ్యాటరీల ఎలక్ట్రోడ్‌గ పెట్టి, తొందరగ చార్జ్ ఎక్కుతదని చూపెట్టిండ్రు. మా అమ్మకు పేటెంట్ సంగతి తెలిస్తె ఊకుంటుండెనా!

ఆ ఐఐటీ 2008ల వచ్చింది. కంది కాడ బిల్డింగులు లేచేదాక ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఎస్టేట్‌ల నడిపిండ్రు. యుద్ధం బండ్లు చేసే జాగల పక్కనే కెమిస్ట్రీ ల్యాబులు. 2015ల కందికి మారింది. అప్పటిదాక అక్కడికెల్లి విదేశాల పత్రికలల్ల అచ్చయిన పేపర్ల మీద చిరునామా చూసినవా? మన గల్లీల అద్దెకుండి అక్కడ పీహెచ్‌డీ చేసే పిల్ల చూపెట్టింది నాకు. "ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఎస్టేట్, ఎద్దుమైలారం, 502205." ఎద్దుమైలారం పేరు లండన్‌ల అచ్చయ్యింది! ఆ చిరునామా కింద ఎక్కువ కనబడే పేర్లల్ల ఒకటి ప్రొఫెసర్ మెలెపురత్ దీప గారిది. ఢిల్లీల నేషనల్ ఫిజికల్ లేబొరేటరీల పని చేసి, ఐఐటీ మొదటి రోజులల్లనే మన దిక్కు వచ్చిండ్రు. ఢిల్లీ అసుంటి పట్నంల కుదురుకున్న ల్యాబు విడిచి, ఇంకా గోడలు లేవని సంస్థకు వచ్చుడంటె మాటలా? ల్యాబు లేని కాడ ల్యాబు కట్టుడే సగం పరిశోధన.

ఆమె పని సోలార్ సెల్లుల మీద, సూపర్ కెపాసిటర్ల మీద, రంగు మారే అద్దాల మీద. క్వాంటమ్ డాట్లు అనే సన్న రేణువులు ఎండను పట్టుకుంటయి. పట్టుకున్నదాన్ని జారిపోకుండ బయటికి మోసేటందుకు కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్ పనికొస్తయి. అంటె మేము బస్తాలల్ల మోసిన నల్లపొడి, ఇప్పుడు అదే కరెంటును మోస్తున్నది. ఆ పిల్లను అడిగిన, ఒకసారికి ఎన్ని కిలోలు వాడుతరే అని. ఎన్ని మిల్లీగ్రాములు అని అడుగు అమ్మమ్మా అన్నది. మా కార్బన్ ఒక్క గ్రాముల చిల్లులన్ని విప్పి పరిస్తె వెయ్యి చదరపు మీటర్ల దాక వస్తది, అంటె పది గుంటలు. గ్రాఫీన్ అయితె లెక్క ప్రకారం 2,630 చదరపు మీటర్లు, ఇరవై ఆరు గుంటలు! కంది రోడ్డు పొంట ఇరవై ఆరు గుంటల భూమి ఎవలన్న కొనగలరా ఇయ్యాల రేపు? గ్రాము గ్రాఫీన్ కొని ఇంట్ల పెట్టుకునుడే అగ్గువ.

అగ్గువ అంటె యాదికొచ్చింది. మన సంగారెడ్డి పాత జైలు, 1796ల కట్టింది, మ్యూజియం చేసిండ్రు కదా. 2016ల ఒక దినం ఖైదీ బట్టలేసుకొని లోపల ఉండేటందుకు ఐదు వందలు తీసుకుంటుండ్రి. మా కాలంల గా ఐదు వందలకు నెల పొడుగూత ల్యాబుల ఖైదు చేసి, ఏడింటికి వాళ్లే బయటికి పంపుతుండ్రి. సరేలే, దాన్ని పక్కకు పెడుదం.

ఆ పిల్ల మొన్న ఇదే మంట కాడ కూసున్నది. రాత్రి తొమ్మిదైంది. ల్యాబుల సెల్ పెట్టి వచ్చిన, రీడింగ్ చూడాలె అని లేచింది. ఇంత రాత్రా, గేటు తీస్తరా అన్న. గేటు ఎప్పుడు మూసిండ్రు అమ్మమ్మా అని నన్నే ఎదురు అడిగింది. స్కూటీ మీద పొయ్యేముందు రంగు మారే అద్దం సంగతి చెప్పింది. అద్దం మీద టంగ్‌స్టన్ ఆక్సైడ్ అసుంటి పూత ఉంటదట, రెండు మూడు వోల్టుల కరెంటు ఇస్తె అయాన్లు లోపలికి దూరి నీలంగ అయితదట, తిప్పి ఇస్తె మళ్ల తేట. ఇంట్లకు ఎండ రాదు, ఏసీ ఖర్చు తగ్గుతది.

మంచిదే, మరి కరెంటు పోతె అన్న. పోయినా రంగు అట్లనే నిలుస్తదట కొంతసేపు. అయితె మీ తాతకు ఈ అద్దం పెట్టిస్తె పది దాక లేవడు, ఇంక తెల్లారలేదే అంటడు, కిటికీ మీద నెపం పెట్టి. వద్దు తల్లీ, మాకు కిటికీకి కట్టిన పాత చీరే మంచిది. దాన్ని పక్కకు గుంజెటందుకు పీహెచ్‌డీ అక్కర్లేదు. నువ్వు మాత్రం బిడ్డా, పీహెచ్‌డీ అప్లికేషన్ పంపు, ఆఖరు తారీఖు ఎప్పుడన్నవు?